చివరి దశలో ఏ దారి? ఐసీయూ, ఉపశమన వైద్యం, చికిత్స ఆపడం, సహాయ మరణం మధ్య తేడాలు

"ఇక మా చేతుల్లో ఏమీ లేదు" అని డాక్టరు చెప్పిన రోజు ఇంటివాళ్లకు రెండే దారులు కనిపిస్తాయి. ఐసీయూలో పెట్టి ఆఖరి నిమిషం దాకా పోరాడటం ఒకటి, ఇంటికి తీసుకుపోయి వదిలేయడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య నలిగి, రోగి బాధ చూడలేక "ఏదో ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయకూడదా" అనే మాట కూడా ఎవరో ఒకరి నోట వస్తుంది. కానీ అసలున్న దారులు అంతకంటే ఎక్కువ. వాటిలో చాలావాటిని ఒకదాంతో ఒకటి కలిపి వాడుకోవచ్చు. ఏది ఏమిటో తెలియక కలగాపులగం చేసుకోవడం వల్లే ఎక్కువ మంది అనవసరంగా బాధపడుతూ పోతున్నారు.

ముందు మూడు పనుల్ని విడదీసి చూడండి

కారుణ్య మరణం అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు పనుల్ని కలిపేస్తుంటారు. మొదటిది, ప్రయోజనం లేని చికిత్సను ఆపడం, లేదా అసలు మొదలుపెట్టకపోవడం. రెండోది, ఏ మందుకూ లొంగని బాధ ఉన్నప్పుడు రోగిని మత్తులో ఉంచడం. మూడోది సహాయ మరణం. అంటే రోగి కోరిక మీద ప్రాణం పోయే మందును డాక్టరే ఇవ్వడం, లేదా రోగి తానే తీసుకునేలా రాసివ్వడం.

తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఆ పని చేశాక కూడా రోగి బతికే ఉంటే, చేసిన పని విఫలమైనట్టా? వెంటిలేటర్ తీశాక రోగి సొంతంగా ఊపిరి పీల్చుకుంటే అందరికీ సంతోషమే. మత్తు మందు ఇచ్చాక బాధ లేకుండా నిద్రపోతూ ఇంకో నాలుగు రోజులు ఉంటే అదీ విజయమే. సహాయ మరణంలో మాత్రం బతికి ఉంటే అనుకున్నది జరగనట్టు. మొదటి రెంటినీ ప్రాణం తీయడంగా భావించి భయపడే కుటుంబాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఆలోచిస్తే చాలా బరువు దిగుతుంది.

ఐసీయూ: ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

ఐసీయూ ఒక వంతెన లాంటిది. అవతలి గట్టు ఉన్నప్పుడే దానికి అర్థం. గట్టిగా ఉన్న మనిషికి న్యుమోనియా వచ్చి వారం రోజులు వెంటిలేటర్ అవసరమైతే అవతలి గట్టు ఉన్నట్టే. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌తో నాలుగు నెలలుగా బరువు తగ్గుతూ మంచం దిగలేని మనిషికి అదే న్యుమోనియా వస్తే, వెంటిలేటర్ ఊపిరితిత్తుల పని చేస్తుంది గానీ క్యాన్సర్‌ను ఏమీ చేయదు.

ఏ వైపు మొగ్గాలో తేలనప్పుడు గడువు పెట్టుకుని ప్రయత్నించడం అన్నిటికన్నా మంచి పద్ధతి. మొదలుపెట్టే ముందే డాక్టరుతో మూడు విషయాలు మాట్లాడుకోవాలి. ఎన్ని రోజులు చూస్తాం? జబ్బును బట్టి మూడు రోజుల నుంచి రెండు వారాల దాకా ఉండొచ్చు. మెరుగైనట్టు దేన్ని బట్టి తెలుస్తుంది? ఆక్సిజన్ అవసరం తగ్గడం, బీపీ నిలబెట్టే మందులు తగ్గించగలగడం, మూత్రం రావడం, పిలిస్తే పలకడం లాంటి గుర్తులు అనుకోవాలి. గడువు నాటికి అవి కనిపించకపోతే ఏం చేస్తాం? ఈ మూడో ప్రశ్నను దాటేస్తే గడువుకు విలువ ఉండదు. ఒక్కో గొట్టం చేరుతూ పోతుంది, ఆపుదామనే మాట ఎవరూ ఎత్తరు.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ విషయంలో సినిమాలు చూసి ఏర్పడిన నమ్మకం చాలా ఎక్కువ. ఆసుపత్రిలోనే గుండె ఆగిన అందరినీ కలిపి చూసినా, బతికి ఇంటికి వెళ్లేది ఐదుగురిలో దాదాపు ఒక్కరే. ముదిరిన క్యాన్సర్, బహుళ అవయవాల వైఫల్యం ఉన్నవాళ్లలో అది ఇంకా తక్కువ. ఛాతీ నొక్కేటప్పుడు పక్కటెముకలు విరగడం మామూలే. సీపీఆర్ వద్దని ముందుగా రాసుకోవడం అంటే మిగతా చికిత్స వద్దనడం కాదు. యాంటీబయాటిక్స్, నొప్పి మందులు, రక్తం ఎక్కించడం అన్నీ కొనసాగవచ్చు. ఈ తేడాను కేస్ షీట్‌లో స్పష్టంగా రాయించండి.

ముక్కు గొట్టం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముదిరిన మతిమరుపు జబ్బులో మింగడం కష్టమైనప్పుడు గొట్టంతో ఆహారం పెడితే ఆయుష్షు పెరుగుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోకుండా ఆగుతుందని గానీ ఆధారాలు లేవు. గొట్టం పీక్కోకుండా చేతులు కట్టేయాల్సి రావడం మాత్రం నిజం. కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగాకే రెండో చెంచా ఇస్తూ, రోగి చాలన్నప్పుడు ఆపడమే మేలైన పద్ధతి. ఆకలితో మాడ్చేస్తున్నామనే అపరాధభావం దీంట్లో అక్కర్లేదు. శరీరం మూతపడుతున్నప్పుడు ఆకలి దానంతటదే తగ్గిపోతుంది.

ఉపశమన వైద్యం: చివరికి మిగిలేది కాదు, ముందే మొదలుపెట్టేది

రోగి బాధలను తగ్గించడమే లక్ష్యంగా ఉండే ఈ వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్, అంటే చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం, స్థాపించడంతో ఇప్పుడున్న రూపానికి పునాది పడింది. నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, మనసు, బంధాలు, నమ్మకాల బాధ కూడా అందులో కలిసి ఉంటుందని ఆమె చెప్పింది.

అన్ని చికిత్సలూ అయిపోయాక దీని దగ్గరికి రావాలనుకోవడమే అందరూ చేసే తప్పు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై జరిగిన అధ్యయనంలో, జబ్బు బయటపడ్డ కొత్తలోనే మామూలు చికిత్సతో పాటు ఉపశమన వైద్యం కూడా అందినవాళ్లు సగటున 11.6 నెలలు, అందనివాళ్లు 8.9 నెలలు జీవించారు. మొదటివాళ్లలో దిగులు తక్కువ, చివరి రోజుల్లో తీవ్ర చికిత్సలూ తక్కువ. కాబట్టి కీమోనా, ఉపశమనమా అని తేల్చుకోవాల్సిన పని లేదు. రెండూ ఒకేసారి అడగండి.

నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. దీన్ని వాడే తీరులో జరిగే పొరపాట్ల వల్లే దానికి చెడ్డపేరు వచ్చింది. నొప్పి వచ్చాక ఇవ్వడం తప్పు, గడియారం చూసి ఇవ్వాలి. మామూలు మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలు కాబట్టి నాలుగు గంటలకోసారి. అంతకుముందు ఎప్పుడూ వాడని పెద్ద వయసువాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి డాక్టరు పెంచుతూ పోతారు. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇవ్వడానికి అదనపు మోతాదు వేరుగా రాయించుకోవాలి. అది రోజు మొత్తంలో దాదాపు ఆరో వంతు ఉంటుంది. రోజుకు 60 మిల్లీగ్రాములు వాడేవాళ్లకు అదనపు మోతాదు 10 అన్నమాట. అదనం రోజుకు మూడు నాలుగు సార్లు అవసరమవుతోందంటే అసలు మోతాదు చాలడం లేదని డాక్టరుకు చెప్పండి.

మార్ఫిన్‌తో పాటే మొదటి రోజు నుంచీ విరేచనం మందు ఉండాలి. వికారం, మగత మొదటి వారంలో తగ్గుతాయి గానీ మలబద్ధకం తగ్గదు. దాన్ని పట్టించుకోకపోతే కడుపు బిగిసి, రోగి మందే మానేస్తాడు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. ఒళ్లు ఉలిక్కిపడినట్టు కుదుపులు, మితిమీరిన మగత కనిపిస్తే వెంటనే చెప్పాలి, ఫెంటానిల్ లాంటి వేరే మందుకు మారుస్తారు. ఫెంటానిల్ పట్టీ అతికించాక పూర్తిగా పనిచేయడానికి 12 గంటలు పైనే పడుతుంది కాబట్టి ఇప్పుడే పొంగిన నొప్పికి అది పనికిరాదు. పట్టీ మీద వేడినీళ్ల సంచి పెట్టడం ప్రమాదం. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఇక అలవాటు పడిపోతారనే భయం: క్యాన్సర్ నొప్పికి లెక్కప్రకారం వాడేవాళ్లలో వ్యసనం అరుదు. చాలామంది నొప్పితో విలవిలలాడేది మందు ఎక్కువై కాదు, ఆ భయంతో మందు అందకనే.

ఊపిరాడకపోవడం చూసేవాళ్లకు అన్నిటికన్నా భయం పుట్టించే లక్షణం. ఆక్సిజన్ శాతం బాగానే ఉన్నప్పుడు ఆక్సిజన్ పెట్టినా ఒరిగేది తక్కువ. తలవైపు ఎత్తి కూర్చోబెట్టడం, ముఖానికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టడం, తక్కువ మోతాదు మార్ఫిన్ బాగా పనిచేస్తాయి. రోగి ఉన్నట్టుండి కలవరపడి మంచం మీంచి లేచిపోబోతుంటే, మత్తు మందు అడిగే ముందు మూత్రం ఆగిపోయిందేమో, మలం గట్టిపడిందేమో చూడమనండి. చాలాసార్లు చిన్న గొట్టం వేసి మూత్రం తీస్తేనే శాంతిస్తారు.

చివరి రోజుల్లో గొంతులో గురగురమనే శబ్దం వస్తుంది. మింగలేని ఉమ్మి గొంతులో నిలిచి వచ్చే చప్పుడది. అప్పటికి రోగికి స్పృహ దాదాపు ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలవైపు కాస్త ఎత్తు పెడితే చాలా వరకు తగ్గుతుంది. గొంతు లోపలికి పైపు వేసి పదే పదే లాగడం వల్ల బాధ పెరుగుతుందే తప్ప లాభం లేదు. సెలైన్ విషయమూ అంతే. గుండె, కిడ్నీలు పని మానుకుంటున్నప్పుడు ఎక్కించిన నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. దాహం తీరేది తడిపిన స్పాంజితో రెండు గంటలకోసారి నోరు తుడిచి, పెదాలకు జిడ్డు రాస్తే. మోకాళ్లు, పాదాల మీద నీలం మచ్చలు, ఊపిరి కాసేపు వేగంగా సాగి కాసేపు ఆగడం, మూత్రం బాగా తగ్గిపోవడం గంటలు లేదా ఒకటి రెండు రోజులే మిగిలాయనడానికి గుర్తులు. వినికిడి చివరి దాకా ఉండొచ్చు కాబట్టి మంచం పక్కన మాట్లాడే మాటలు జాగ్రత్త.

ఇల్లా, హాస్పైసా, ఆసుపత్రా అన్నది రోగి కోరికతో పాటు మరో మూడు విషయాల మీద ఆధారపడుతుంది. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే పలికే నర్సు లేదా డాక్టరు ఉన్నారా? మింగలేనప్పుడు చర్మం కింద ఇచ్చే మందులు ముందుగానే ఇంట్లో ఉన్నాయా? రోజంతా చూసుకోవడానికి వంతులవారీగా కనీసం ఇద్దరు మనుషులు ఉన్నారా? ఈ మూడూ ఉంటే ఇల్లే మంచిది. మొదటిది లేకపోతే ఇంట్లో ఉండాలన్న నిర్ణయం సాధారణంగా అర్ధరాత్రి అంబులెన్స్‌తో ముగుస్తుంది. ఆగని రక్తస్రావం, అదుపులోకి రాని మూర్ఛలు, పెద్ద పుండ్లు ఉన్నవాళ్లకు హాస్పైస్ నయం.

చికిత్స ఆపడం

మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టి ఆపడం నైతికంగా ఒకటేనని వైద్య నీతిశాస్త్రం చెబుతుంది. మనసుకు మాత్రం రెండోదే కష్టం. అందుకే పద్ధతిగా చేయాలి. వెంటిలేటర్ తీసే ముందే మార్ఫిన్, మత్తు మందు ఇచ్చి ఊపిరాడని బాధ లేకుండా చూస్తారు. అలారాలు ఆపుతారు. అయినవాళ్లంతా వచ్చేదాకా ఆగుతారు. ఆ తర్వాత మరణం నిమిషాల్లో రావచ్చు, కొందరిలో రోజులు పట్టొచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంటివాళ్లు కంగారుపడతారు. డయాలసిస్ ఆపితే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, ఎక్కువగా మగతలో మరణం వస్తుంది.

తరచూ మరిచిపోయేది ఛాతీలో అమర్చిన షాక్ యంత్రం, అంటే ఐసీడీ. దాన్ని ఆపకపోతే, పోయే ప్రాణానికి గుండె లయ తప్పినప్పుడల్లా షాక్ కొడుతూనే ఉంటుంది. గుండె డాక్టరు దగ్గర యంత్రంతో దాన్ని ఆపించవచ్చు, కోత అక్కర్లేదు. మామూలు పేస్‌మేకర్‌ను ఆపాల్సిన పని లేదు.

చట్టం చాలా దేశాల్లో దీన్ని ఒప్పుకుంటుంది. భారత్‌లో సుప్రీంకోర్టు 2011లో, దశాబ్దాలుగా అచేతనంగా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో ఈ దారి తెరిచింది. 2018 మార్చిలో కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని, ముందస్తు వైద్య ఆదేశం, అంటే లివింగ్ విల్, చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకుంటే చాలు. ఆపే సమయంలో ఆసుపత్రి డాక్టర్ల ప్రాథమిక బోర్డు, ఆ తర్వాత రెండో బోర్డు పరిశీలించి ఒప్పుకోవాలి, మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ప్రాణం తీసే మందు ఇవ్వడం మాత్రం అక్కడ నేరమే.

మత్తులో ఉంచడం

ఏ మందుకూ లొంగని కలవరం, ఊపిరాడకపోవడం, నొప్పి ఉండి, ఆయుష్షు గంటలు, రోజులు, మహా అయితే రెండు వారాలు అనుకున్నప్పుడు వాడే పద్ధతి ఇది. ఎక్కువగా మిడజోలామ్ వాడతారు. బాధ తగ్గేంత మాత్రమే ఇచ్చి, అవసరాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. సరైన మోతాదులో ఇస్తే దీనివల్ల ఆయుష్షు చెప్పుకోదగ్గంత తగ్గుతున్నట్టు అధ్యయనాల్లో కనబడలేదు. మొదలుపెట్టాక మళ్లీ మాట్లాడే అవకాశం ఉండకపోవచ్చు కాబట్టి, చెప్పుకోవాల్సిన మాటలు ముందే చెప్పుకోనివ్వండి.

సహాయ మరణం: ఎక్కడ, ఎవరికి, ఏ షరతులతో

చట్టాలు ఒకేలా లేవు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచి అమల్లో ఉన్న చట్టం ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు తేల్చిన వయోజనులకే వర్తిస్తుంది. మందు రోగే తీసుకోవాలి. నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి డాక్టరే ఇవ్వవచ్చు. అక్కడ ఆరు నెలల నిబంధన లేదు, భరించలేని, తగ్గే ఆశ లేని బాధ అనేది కొలమానం. కెనడా 2016లో అనుమతించి, 2021లో మరణం దగ్గరపడనివాళ్లకూ విస్తరించింది. వాళ్ల విషయంలో కనీసం 90 రోజుల పరిశీలన ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 1942 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి స్వార్థంతో చేసిన సహాయాన్నే శిక్షిస్తుంది. డాక్టరు ఇంజెక్షన్ ఇవ్వడానికి అక్కడ వీల్లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 2019లో, న్యూజిలాండ్, స్పెయిన్ 2021లో ఈ దారిలోకి వచ్చాయి.

ఎందుకు కోరుకుంటున్నారన్నది చూస్తే చర్చ మారిపోతుంది. ఒరెగాన్ ఏటా ప్రచురించే నివేదికల్లో ముందు వరసలో ఉండేవి స్వతంత్రత కోల్పోవడం, జీవితంలో ఆనందించే పనులు చేయలేకపోవడం, గౌరవం పోతుందన్న భావన. నొప్పి వాటి తర్వాతే వస్తుంది. అంటే మంచి ఉపశమన వైద్యం ఉంటే ఎవరూ అడగరన్న వాదన పూర్తిగా నిలవదు. నొప్పి భరించలేకే అందరూ అడుగుతారన్న వాదనా నిలవదు. మందు రాయించుకున్నవాళ్లలో దాదాపు మూడోవంతు మంది దాన్ని వాడనే వాడరు. చేతిలో ఉందన్న ధైర్యమే కొందరికి చాలు.

సమర్థించేవాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే: తెలివితో ఉన్న మనిషి, కొద్ది వారాల్లో పోయేవాడు, ఎలా పోవాలో తేల్చుకునే హక్కు ఎందుకు ఉండకూడదు? వ్యతిరేకించేవాళ్ల ఆందోళనా బలమైనదే: చూసుకునే మనుషులు, డబ్బు, నొప్పి మందులు లేనిచోట ఆ ఎంపిక నిజంగా ఎంపికేనా? వికలాంగుల సంఘాలు చాలాచోట్ల ఈ ప్రశ్న లేవనెత్తాయి. మా అభిప్రాయంలో, ఉపశమన వైద్యం అందని చోట సహాయ మరణాన్ని ముందు తేవడం క్రమం తప్పిన పని. మార్ఫిన్ దొరకని రోగి చావు కోరితే అతను కోరుకున్నది ఏమిటో మనకు తెలియదు.

అనుమతి ఉన్నచోట కూడా ఎదురయ్యే చిక్కులు ఉన్నాయి. ప్రక్రియకు రోజులు, వారాలు పడుతుంది. ఆలస్యంగా అడిగినవాళ్లు మధ్యలోనే చనిపోతారు, లేదా తెలివి కోల్పోయి అనర్హులవుతారు. నోటి ద్వారా తీసుకోవాల్సిన చోట మింగలేని రోగికి ఈ దారి మూసుకుపోతుంది. మతిమరుపు జబ్బులో సమస్య మరీ జటిలం. తెలివి ఉన్నప్పుడు ఇంకా బతకాలని ఉంటుంది, అడగాలనుకునేనాటికి తెలివి ఉండదు. వేరే దేశానికి వెళ్లాలనుకునేవాళ్లు ప్రయాణం చేయగలిగినప్పుడే వెళ్లాలి కాబట్టి, అవసరమైనదానికన్నా ముందే ప్రాణం వదులుకోవాల్సి వస్తుంది.

రోగి "నన్ను పంపించేయండి" అన్నప్పుడు చట్టం సంగతికి ముందు ఆ మాట అర్థం తెలుసుకోండి. "అలా అనకూడదు" అని నోరు మూయించొద్దు. "ఇప్పుడు అన్నిటికన్నా భరించలేనిది ఏమిటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. రాత్రి నొప్పి అని ఒకరు, మీకు భారమయ్యానని ఒకరు, మరుగుదొడ్డికి వేరేవాళ్లు తీసుకెళ్లడం సిగ్గుగా ఉందని మరొకరు చెబుతారు. ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం ఉంది. డిప్రెషన్ ఉందేమో డాక్టరుతో చూపించాలి, చివరి దశలోనూ అది మందులకు లొంగుతుంది. తనకు తాను ఏదైనా చేసుకుంటాడన్న అనుమానం ఉంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోని మందులు మీ చేతిలో ఉంచుకోండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

కాగితం, ఫోన్ నంబరు

ఏ దారి ఎంచుకున్నా రోగికి మాట్లాడే శక్తి ఉండగానే రాయించుకోవాలి. "యంత్రాల మీద బతకడం నాకిష్టం లేదు" అనే వాక్యం పనికిరాదు, ఆపరేషన్ తర్వాత రెండు రోజుల వెంటిలేటర్‌కు కూడా అది వర్తించేలా ఉంటుంది. "కోలుకునే అవకాశం లేదని డాక్టర్లు తేల్చాక వెంటిలేటర్, డయాలసిస్, సీపీఆర్ వద్దు, నొప్పి మందులు ఎంత కావాలన్నా ఇవ్వండి" అన్నట్టు పరిస్థితితో కలిపి రాయాలి. తన తరఫున మాట్లాడే మనిషి పేరు, ఆ మనిషి అందకపోతే రెండో పేరు ఉండాలి. ఆ ఇద్దరూ ఒప్పుకున్నారా, మిగతా బిడ్డలకు ఈ సంగతి తెలుసా అన్నది కాగితం కన్నా ముఖ్యం. చాలా ఆదేశాలు ఆగిపోయేది దూరం నుంచి ఆఖరి రోజు వచ్చిన బంధువు దగ్గరే.

ఆ కాగితాన్ని బీరువాలో దాచకండి. నకలు ఒకటి ఆసుపత్రి ఫైల్లో, ఒకటి ప్రతినిధి దగ్గర, ఒకటి మంచం పక్కన ఉండాలి. ఇంట్లో ఉన్న రోగికి ఊపిరి ఆగినప్పుడు కంగారులో అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే, వచ్చినవాళ్లు సీపీఆర్ మొదలుపెడతారు. అది వాళ్ల విధి. అందుకని ఆ సమయంలో ముందుగా చేయాల్సిన నర్సు లేదా డాక్టరు నంబరును పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ కనిపించేలా గోడకు అంటించి పెట్టండి.